పదకొండు మిల్లీమీటర్ల అనుమతి

నెల్లిపేట పెద్దాసుపత్రికి రోబో వచ్చిన రోజున డాక్టర్ మాణిక్యాంబ నిజంగానే సంతోషించింది. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే తరువాత ఆవిడ మీద తెరిచిన ఫైల్లో "సదరు వైద్యురాలికి యంత్రమనిన మొదటినుండియు గిట్టదు" అని రాశారు. అది పచ్చి అబద్ధం. ఇరవై రెండేళ్లుగా మెదడు ఆపరేషన్లు చేస్తున్న మనిషి, ఆ యంత్రాన్ని చూడగానే కొత్త చీర చూసినట్టు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

రోబో అన్నారు గాని దానికి కాళ్లూ కళ్లూ ఏమీ లేవు. నేలకు బోల్టులతో బిగించిన ఒక స్తంభం, దానికి మూడుచోట్ల వంగే పొడుగాటి చెయ్యి, పక్కన ఒక కెమెరా, ఎదురుగా ఒక తెర. అంతే. రోగి తలను ముందుగా స్కాన్ తీసి ఆ బొమ్మలను తెరకెక్కిస్తారు. ఎక్కడ లోపలికి వెళ్లాలో, ఎంత లోతుకు వెళ్లాలో, దేన్ని తాకకూడదో డాక్టరు ఆ బొమ్మ మీద గీస్తుంది. రోగి తల మీద అతికించిన బిళ్లలను కెమెరా చూసి, బొమ్మలోని తలా బల్ల మీది తలా ఒకటేనని నమ్మకం కుదిరాక, ఆ చెయ్యి గీసిన దారిలోనే పనిముట్టును పట్టుకుని నిలబడుతుంది. అలసిపోదు, తుమ్మదు, మధ్యలో టీకి వెళ్లదు.

మొదటి మూడు ఆపరేషన్లూ దివ్యంగా జరిగాయి. ముగ్గురూ నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. ఇంత సాఫీగా జరుగుతున్న పని ఏదైనా ఉంటే అది పై ఆఫీసు దృష్టికి వెళ్లక మానదు కదా. వెళ్లింది. రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది.

"అత్యంత విలువైన ప్రభుత్వ ఆస్తి అయిన సదరు యంత్రము యొక్క చలనము యావత్తు, ముందుగా ఆమోదింపబడిన నక్షాకు లోబడి ఉండవలెను. ఆమోదిత నక్షాకు వెంట్రుకవాసి భిన్నముగా సంచరించినచో బాధ్యులపై చర్య తీసుకొనబడును. మరియు, యంత్రము అందుబాటులో ఉండగా, ప్రమాద కేసులు మినహా, మెదడు శస్త్రచికిత్సలను వట్టి చేతులతో చేయుట ప్రభుత్వ ఆస్తిని నిరుపయోగము చేయుటగా పరిగణింపబడును."

"గుండు చేసిన తల మీద వెంట్రుకవాసి ఎలా కొలుస్తారండీ?" అంది థియేటర్ నర్సు ఎస్తేరు. ఆ ప్రశ్నకు సర్క్యులర్లో జవాబు లేదు.

నక్షాలను ఆమోదించడానికి ఒక సంఘం వేశారు. గీసేది డాక్టర్లు కాబట్టి, ఆమోదించేవాళ్లలో డాక్టర్లు ఉండకూడదన్నారు. అది న్యాయమే. మరి జిల్లా మొత్తానికి నక్షాలు చూసి ఆమోదించడంలో చెయ్యి తిరిగిన మనిషి ఎవరు? మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసిన కోదండపాణి గారు. మేడలు, మిద్దెలు, కల్యాణ మండపాలు, ఆఖరికి ఒక కోడిగుడ్ల గోడౌనుకు కూడా ఆయనే అనుమతి ఇచ్చారు. ఆయన్ని డెప్యుటేషన్ మీద ఆసుపత్రికి పంపించి, మెడికల్ రికార్డుల గది పక్కన ఒక గది ఇచ్చారు.

కోదండపాణి గారు మహా నిజాయితీపరుడు. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు కూడా ముట్టడు. తప్పు గీత కనపడితే తమ్ముడి ఇంటి నక్షా అయినా తిప్పి పంపించేశాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. డబ్బుకు లొంగేవాడైతే పని ఎప్పుడో అయిపోయేది.

ఆ వారంలోనే గవరయ్య వచ్చాడు.

గవరయ్య బోర్డు పెయింటరు. ఊళ్లో ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పట్టినవాళ్లందరూ మానేసి తలో పనీ చూసుకున్నారు గాని, గవరయ్య అక్షరం మాత్రం ఆగలేదు. లారీల వెనకా, బడి గోడల మీదా, పోలీస్ స్టేషన్ గేటు మీదా అతని చేతిరాతే. నలభై ఆరేళ్ల మనిషి. కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మాట్లాడిందంతా అతని భార్య పైడమ్మ.

"డాట్రమ్మా, ఈ మజ్జిన కుంచె అట్టుకుంతే జారిపోతన్నాది. మొన్న ఇస్కూలు గోడ మీద మంచి మాటలు రాయమంతే అచ్చరాలన్నీ వొంకర్లు పోయీసినాయి. తాగొచ్చినావేటని ఎడ్మాస్టరుగోరు అడిగీసినారమ్మా. ఈ మడిసి టీ కూడా తాగడు!"

స్కాన్ తీయిస్తే కుడిచేతి వేళ్లను ఆడించే భాగానికి ఆనుకుని ఒక గడ్డ కనపడింది. పదకొండు మిల్లీమీటర్లు. చిన్నదే, మెతకది, చూడబోతే ప్రాణానికి ముప్పు తెచ్చే రకం కాదు. తొందరగా తీసేస్తే చెయ్యి దక్కుతుంది. ఆలస్యమైతే ఒక్కో వేలూ చచ్చుబడుతుంది. మాణిక్యాంబ ఇదంతా దాచకుండా చెప్పింది. గవరయ్య అప్పుడు నోరు తెరిచాడు.

"అమ్మా, తలకాయని ఏటైనా సేసుకోండి. సెయ్యి మాత్రం నాకు ఒదిలీయండి."

"వారంలో తీసేద్దాం," అంది మాణిక్యాంబ. అప్పటికి ఆవిడ ఆ మాట నమ్మే అంది.

నక్షా గీసి సంఘానికి పంపించింది. తొమ్మిదో రోజున అది ఎర్ర సిరా గీతలతో తిరిగి వచ్చింది. ఆవిడ కాగితాలు పట్టుకుని కోదండపాణి గారి గదికి వెళ్లింది. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టి కుర్చీ చూపించాడు. మర్యాదకేం లోటు లేదు.

"బొమ్మ బాగుంది మేడమ్. రంగులు కూడా మంచివి వేశారు. కాని ఇందులో ఉత్తరం ఏది?"

"తలకి ఉత్తరం ఏమిటండీ?"

"స్థలమన్నాక దిక్కులు ఉంటాయి కదా మేడమ్. ఉత్తరం గుర్తు లేని నక్షాను నా సర్వీసులో ఇంతవరకూ పాస్ చేయలేదు. సరే, ఆ పక్కన పచ్చరంగు వేసింది ఏమిటి?"

"వేళ్లను కదిలించే భాగం. దాన్ని తాకకూడదు."

"అంటే పొరుగు స్థలం. గడ్డకీ దానికీ మధ్య ఎంత ఖాళీ వదిలారు?"

"ఒకటిన్నర మిల్లీమీటరు ఉంది."

"కనీసం మూడు వదలాలి మేడమ్."

"నేను వదలడమేమిటండీ! ఆ గడ్డ అలా పెరిగింది."

"అందరూ ఇదే మాట చెప్తారు," అన్నాడు కోదండపాణి ఎంతో ఓర్పుగా.

మాణిక్యాంబకు కోపం వచ్చింది గాని, కోపానికి కూడా నాలుగు ప్రతులు అడుగుతారేమోనని మింగేసింది. గదికి వచ్చి నక్షా మళ్లీ గీసింది. ఖాళీ విషయంలో మినహాయింపు కోరుతూ ఒక అర్జీ రాసింది. ఆపరేషన్ బల్ల మీద రోగి తల ఎటు ఉంటుందో దిక్సూచి పెట్టి చూసి, ఉత్తరం గుర్తు వేసింది. తల ఉత్తరం వైపే ఉంటుందని అప్పుడే తెలిసింది. అంతవరకూ ఎవరూ ఆ సంగతి పట్టించుకోలేదు.

నక్షా ప్రతి ఒకటి రోగి బంధువులకు ఇవ్వాలని నిబంధన. పైడమ్మకు చదువు అంతంతమాత్రమే గాని, కూడా ఉన్న వార్డు ఆయా బాణం గుర్తు ఏమిటో విడమరిచి చెప్పింది. పైడమ్మ ఆ కాగితంతో సహా వచ్చి మాణిక్యాంబ గది గుమ్మంలో నిలబడింది.

"ఉత్తరం ఏపు తలెట్టి పడుకోబెడతారేటమ్మా? బతికున్న మడిసినేటి, పీనుగునేటి? నానొప్పను గాక ఒప్పను."

ఈ కబురు వార్డంతా పాకింది. మర్నాటికి మిగతా రోగులు కూడా తమ తలలు ఎటు పెడతారని అడగడం మొదలుపెట్టారు. సూపరింటెండెంట్ ఉమామహేశ్వరం గారు కంగారుపడి సంఘాన్ని సమావేశపరిచారు. ఇటువంటి విషయాల్లో కోదండపాణి గారికి కూడా పట్టింపు ఉంది. ఆయన ఇంట్లో పిల్లి కూడా దక్షిణం వైపే తల పెట్టి పడుకుంటుందట. బల్లను తిప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. బల్ల తిరిగితే రోబో కూడా తిరగాలి. రోబోను నేలకు బిగించారు. ఇంజనీరింగ్ వాళ్లు వచ్చి బోల్టులు ఊడదీసి, నేల పగలగొట్టి, అవతలివైపు మళ్లీ బిగించి, సిమెంటు ఆరేదాకా నీళ్లు కొట్టారు. దానికి పదిహేను రోజులు పట్టింది. దిక్కు మారింది కాబట్టి నక్షా మళ్లీ మొదటినుంచి గీయమన్నారు.

ఈలోగా గవరయ్యకు చిటికెనవేలు పడిపోయింది. తరువాత ఉంగరపు వేలు. ఇంకో ఊరు తీసుకుపోదామంటే అక్కడ పెద్దాసుపత్రిలోనూ ఇదే యంత్రం, ఇదే సర్క్యులర్. మాణిక్యాంబ రోజూ రౌండ్లకు వచ్చి తన రెండు వేళ్లు అతని గుప్పిట్లో పెట్టి "పిసుకు" అనేది. ఆ పట్టు రోజురోజుకీ సడలిపోతూ ఉండేది. పైకి మాత్రం "పరవాలేదు, పరవాలేదు" అనేది. అతనికీ తెలుసు, పరవా ఉందని.

నలభై ఏడో రోజున ఆమోదం వచ్చింది. ప్రతి బొమ్మ మీదా ఊదారంగు ముద్ర. ముద్ర కింద సంతకం. సంతకం కింద తేదీ.

ఆపరేషన్ రోజున సంఘం సభ్యులందరూ ఆకుపచ్చ గౌన్లు తొడుక్కుని థియేటర్ అద్దాల వెనక వరసగా కూర్చున్నారు. గవరయ్యను దక్షిణం వైపు తల పెట్టి పడుకోబెట్టారు. పొద్దున తీసిన తాజా స్కాన్ తెరకెక్కించారు. కెమెరా చూసింది. రోబో చెయ్యి లేచింది. సగం దూరం వచ్చి, టక్కుమని ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలతో తేడా ఉందని చూపించింది. ఆమోదించిన బొమ్మలో గడ్డ పదకొండు మిల్లీమీటర్లు. ఇప్పుడు తలలో ఉన్నది పందొమ్మిది.

కోదండపాణి గారు ముద్ర ఉన్న ప్రతినీ తెరనూ మార్చి మార్చి చూశారు. ఆయన మొహం చిన్నబోయింది. మంచి నక్షాకు ఎవరో ద్రోహం చేసినట్టు బాధపడ్డాడు.

"ఎనిమిది మిల్లీమీటర్ల అక్రమ విస్తరణ," అన్నాడు.

"ఏడు వారాలు కూర్చోబెడితే పెరగదా అండీ?" అంది మాణిక్యాంబ. మాస్క్ వెనక పళ్లు పటపటలాడాయి.

"అనుమతి వచ్చేదాకా ఎవరైనా ఆగాల్సిందే మేడమ్. అనుమతి చేతికి రాకుండానే అది పని మొదలుపెట్టేసింది."

"కొత్త నక్షా ఇస్తాను. ఇప్పుడే గీస్తాను. పది నిమిషాలు."

"పాత ఉల్లంఘన తేలకుండా కొత్త దరఖాస్తు తీసుకోవడానికి వీలులేదు మేడమ్. ముందు నోటీసు ఇవ్వాలి."

గవరయ్యను గుండుతో, గుండు మీద బిళ్లలతో వార్డుకు తిరిగి పంపించేశారు. సాయంత్రానికి పద్నాలుగో నంబరు మంచానికి నోటీసు అంటించారు. అనుమతించిన పదకొండు మిల్లీమీటర్లకు మించి తమ తలయందు గడ్డను విస్తరించినందులకు తగు కారణములు చూపవలసినదిగా శ్రీ గవరయ్య గారిని అందులో కోరారు. మర్నాడు కోదండపాణి గారు స్వయంగా స్థల పరిశీలనకు వచ్చారు. స్థలం మంచం మీద లేచి కూర్చుంది.

"గడ్డను పెంచింది మీరేనా?"

"నానెక్కడ పెంచినాను బాబూ? అదేటి మేకా, కోడా?"

"మీ స్థలంలో మీకు తెలియకుండా పెరిగిందంటారు."

"నా తల్లోన ఏటున్నాదో నాకేటి తెలుస్తాది బాబూ."

'యజమాని పర్యవేక్షణ లోపము' అని కోదండపాణి రాసుకున్నాడు. పైడమ్మ చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. అది ఆయన కంట పడింది. బయటికి వచ్చాక మాణిక్యాంబతో, "నాకు మాత్రం కష్టంగా లేదా మేడమ్? రూలు ఒప్పుకుంటే ఈ క్షణమే సంతకం పెట్టేస్తాను," అన్నాడు. నిజమే అన్నాడు. ఆ నిజానికే ఆవిడకు మరింత మండింది.

ఆవిడ ఆయన వెంటే గదిలోకి వెళ్లి ఎదురుగా కూర్చుంది. అరవడానికే వెళ్లింది. కాని నోరు తెరిచేసరికి వేరే ప్రశ్న వచ్చింది.

"మీ మునిసిపాలిటీలో అనుమతికి మించి కట్టేస్తే ఏం చేస్తారండీ?"

కోదండపాణి మొహం వెలిగింది. ఇన్నాళ్లకు తన శాస్త్రం గురించి ఒకరు అడిగారు.

"కూల్చేస్తాం మేడమ్. ఆమోదించిన మేరకు ఉంచి అదనపు భాగం తొలగిస్తాం."

"ఇక్కడ ఆ తొలగించే పని రోబోతోనేనా?"

"అబ్బే! రోబో ఆమోదిత నక్షా ప్రకారమే కదలాలి. అదనపు భాగం నక్షాలోనే లేదు. లేని దాని మీదికి యంత్రం ఎలా వెళ్తుంది? అదంతా మనుషుల చేతనే, చేతి పనిముట్లతోనే."

"యంత్రం అందుబాటులో ఉండగానా?"

"ఈ పనికి యంత్రం అందుబాటులో లేనట్టే లెక్క మేడమ్."

మాణిక్యాంబ బల్ల మీది తెల్లకాగితం ఒకటి తీసి ఆయన ముందుకు జరిపింది. తరువాత చాలా మెల్లగా, "అది కొంచెం రాసి ఇస్తారా?" అంది.

అంత ప్రేమగా ఆయన్ను ఉత్తర్వు అడిగినవాళ్లు ఇరవై ఆరేళ్లలో ఒక్కరూ లేరు. ఆయన కళ్లజోడు తుడుచుకుని అక్కడికక్కడే రాశాడు. "సదరు గడ్డ యొక్క అనధికార భాగమును శస్త్రవైద్యురాలు తన స్వహస్తములతో తక్షణము తొలగించి, గడ్డను ఆమోదిత పరిమితికి తెచ్చిన పిమ్మట, యంత్రము తన పనిని ప్రారంభించునది." సూపరింటెండెంట్ గారు చదవకుండానే 'చూడబడినది' అని మూల మీద పొడి సంతకం పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. వేళ్లను ఆడించే భాగం పక్కనే పని కాబట్టి గవరయ్యను పూర్తిగా నిద్రపుచ్చలేదు. తలకు మాత్రం మత్తిచ్చారు. రోబో ఒక మూల చెయ్యి ముడుచుకుని నిలబడింది. దాని తెర మాత్రం మాణిక్యాంబ తన ఎదురుగా తిప్పించుకుంది. చూడ్డానికి అనుమతి అక్కర్లేదు కదా.

"గవరయ్యా, వేళ్లు ఆడిస్తూనే ఉండు. ఆపకు."

"ఒట్టినే ఆడించడం సిగ్గుగున్నాదమ్మా. గాల్లోన అచ్చరాలు రాసుకోనా?"

"రాసుకో."

అతను ఒంటి మీద కప్పిన గుడ్డ కిందనుంచి కుడిచెయ్యి చాపి అక్షరాలు రాస్తూ పోయాడు. మూడు వేళ్లు రాస్తుంటే రెండు వేలాడుతున్నాయి. ఎస్తేరు ఆ చెయ్యినే చూస్తూ, పైకి చదువుతూ నిలబడింది. ఒకచోట చెయ్యి తడబడగానే "ఆగండమ్మా!" అంది. మాణిక్యాంబ ఆగింది. రెండు నిమిషాలు చూసి, ఆ చోటు వదిలి పక్కనుంచి గడ్డను తీస్తూ పోయింది. ఆమోదించిన పదకొండుకూ అక్రమమైన ఎనిమిదికీ మధ్య గీత ఎక్కడుందోనని ఆవిడ నిజంగానే వెతికింది. గడ్డ మీద అటువంటి గీత ఏదీ కనపడలేదు. అంచేత మొత్తం తీసేసింది. నాలుగు గంటలు పట్టింది. చేతులు కడుక్కుంటూ ఆవిడ ఏడ్చింది. ఎస్తేరు చూసి కుళాయి పెద్దది చేసింది.

రెండు నెలలు గడిచాయి. బల్ల తిప్పిన నాటినుంచీ రోబో ఎక్కడా వెంట్రుకవాసి కూడా పక్కకు జరగలేదు కాబట్టి, దోషరహిత సేవకుగాను రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి రోబో పైన గోడకు తగిలించారు. మిగతా రోగులకు కూడా అదనపు భాగాల ఉత్తర్వులు వరసగా వస్తున్నాయి. రోగులు నయమై వెళ్తున్నారు. అందరూ సుఖంగానే ఉన్నారు, ఒక్క కోదండపాణి గారు తప్ప.

"గవరయ్య ఫైలు మూయలేకపోతున్నాను మేడమ్," అన్నాడు ఒకరోజు వచ్చి. ఆయనకు నిజంగానే నిద్ర పట్టడం లేదు. "అదనపు ఎనిమిదీ తొలగించారు, సంతోషం. ఆమోదించిన పదకొండూ ఏవి?"

"అవీ తీసేశాను."

"అది ప్రభుత్వం ఆమోదించిన గడ్డ మేడమ్!"

చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టాడు. గవరయ్య ఒక హక్కు విడుదల పత్రం రాసిస్తే చాలు. "నా తలయందలి ఆమోదిత గడ్డపై నాకు గాని, నా వారసులకు గాని నేటినుండి ఎట్టి హక్కును లేదనియు, దానిని తిరిగి కోరబోననియు" అని టైపు చేయించి ఉంచాడు. సాక్షి పైడమ్మ.

కబురు పెడితే మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చారు. గవరయ్యకు జుట్టు మొలిచింది. పైడమ్మ డాక్టరమ్మకు జంతికలు తెచ్చింది. గవరయ్య కలం తీసుకుని, కాగితం మీద ఒక్క ఊపులో సంతకం చేశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, కింద ఒక వంపు గీత. మాణిక్యాంబ ఆ కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది.

కోదండపాణి ఫైలు తిరగేసి, ఆసుపత్రిలో చేరిన రోజున గవరయ్య పెట్టిన సంతకం తీశాడు. అది కోడి కెలికినట్టు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"సంతకం కలవడం లేదు మేడమ్. ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనని నేనెలా రాయను?"

"అప్పుడు చెయ్యి బాగాలేదండీ, ఇప్పుడు బాగుంది! అందుకే కదా ఇదంతా చేసింది!"

"చెయ్యి బాగుపడుతుందని నక్షాలో ఎక్కడా లేదు మేడమ్," అన్నాడాయన నీరసంగా. గవరయ్య వైపు తిరిగి, "ఏమీ అనుకోకు నాయనా. ముందు పెట్టినట్టే ఒక్కసారి పెట్టు. ఫైలు మూసేస్తాను," అని బతిమాలాడు.

గవరయ్య వినయంగా తల ఊపి ఇంకో కాగితం తీసుకున్నాడు. పాత సంతకాన్ని నిదానంగా చూశాడు. పెట్టాడు. చక్కగా వచ్చింది. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే. కలం కొసన పట్టుకుని పెట్టాడు. కలం గుప్పిట్లో బిగించి పెట్టాడు.

"నాను మోసెయ్యి కదపనేటి బాబూ?" అంది పైడమ్మ.

"బయటివారి జోక్యం కుదరదమ్మా."

ఏడో కాగితం మీద గవరయ్య కళ్లు గట్టిగా మూసుకుని మరీ పెట్టాడు. అది మిగతా ఆరింటికన్నా గుండ్రంగా వచ్చింది. కళ్లు తెరిచి చూసుకుని నొచ్చుకున్నాడు.

"సెమించండి బాబూ," అన్నాడు. "ఎంత సెడగొడదామన్నా సెడతం లేదు."